తువాలుచాటు బేరము

పశువుల సంతకు పోయినవారందరును ఎరిగిన దృశ్యమొకటి కలదు. ఒంగోలు గిత్తల జత నిలువబడి యుండును. చుట్టును పదిమంది మూగియుందురు. అమ్మకందారును దలారియు ఎదురెదురుగా నిలిచి చేతులపై ఒక తువాలు కప్పుకొందురు. ఆ తువాలు క్రింద వ్రేళ్ళు కదలును. ఒక వ్రేలు పట్టిన ఒక అర్థము, రెండు పట్టిన మరొక అర్థము. నోటితో ఒక్క అంకెయు పలుకరు. బేరము కుదిరినదో లేదో ముఖములను చూచి గ్రహింపవలసినదే కాని, ఎంతకు కుదిరినదో చుట్టు నిలిచినవారికి తెలియదు. పల్లెటూరిలో గుట్టు అన్నదే లేదనియు, అది పట్టణవాసులును పాశ్చాత్యులును కల్పించుకొన్న సుకుమారపు కోరిక యనియు వాదించువారు ఆ తువాలును మరచుచున్నారు. పదిమంది నడుమ నిలిచి, తన మాటను తాను కోరినవానికి మాత్రమే చెప్పుకొను ఉపాయము ఈ నల్లరేగడి నేలపై చదువురాని రైతునకును తెలిసియే యుండెను.

నేడు ఆ రైతు జేబులో సెల్‌ఫోను ఉన్నది. గుంటూరు మిరప యార్డులో తేజ రకము క్వింటాలు ఎంత పలికినదో పర్చూరులోనో, చిలకలూరిపేటలోనో ఇంటి అరుగు మీద కూర్చుండి తెలిసికొనుచున్నాడు. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మిరపతోటలను ఊడ్చిపెట్టినపుడు, పూవులలో మూగిన పురుగు ఫొటోలు వాట్సాప్ బృందములలో ఊరినుండి ఊరికి ప్రాకినవి. శాస్త్రజ్ఞుల సలహాలును అదే దారిని పొలము గట్లకు చేరినవి. పూర్వము యార్డుకు బస్తాలు తోలుకొనిపోయిన తరువాతగాని ధర తెలియని రైతునకు ఇది చిన్న మేలు కాదు. దూరదేశమున చదువుకొనుచున్న కుమారుని ముఖము రాత్రి భోజనమువేళ చూడగల తల్లికి ఆ యంత్రము దేవుని పటముతో సమానము. ఈ మేలును కాదనుట కృతఘ్నత యగును. ఐతే ఆ యంత్రము రెండువైపుల చూచు అద్దము. రైతు దానిలోనికి చూచుచున్నపుడు అదియును రైతును చూచుచున్నది. అతడు ఎచ్చట తిరుగుచున్నాడో, ఎవరితో ఎంతసేపు మాటలాడుచున్నాడో, ఏ ప్రకటన ముందు ఎంతసేపు నిలిచినాడో అన్నియు ఎక్కడనో లెక్కకు ఎక్కుచున్నవి. ఆ లెక్కయే సరకు. ఫేస్‌బుక్కును, వాట్సాప్‌ను రూకలు పుచ్చుకొనకుండ ఇచ్చుచున్న సంస్థ ఒక్కటే. దాని రాబడిలో అత్యధిక భాగము ప్రకటనలవలన వచ్చునదియే. ఊరక వచ్చినది ఊరక పోదన్న మాట పల్లెలలో కొత్తది కాదు.

ఈ లెక్క ఎంతటి క్రౌర్యమునకు దారితీయగలదో తెలుగుదేశము అప్పుల యాప్‌ల మూలమున నేర్చుకొన్నది. కరోనా కాలమున పనులు నిలిచి, చేతిలో పైకము ఆడనపుడు ఈ యాప్‌లు విరివిగా వ్యాపించినవి. తాకట్టు లేదు, హామీ లేదు, బ్యాంకు గుమ్మము ఎక్కనక్కరలేదు; పది నిమిషములలో సొమ్ము ఖాతాలో పడును. ఇచ్చునప్పుడే రుసుముల పేర కొంత విరుగకోసి, మిగిలినదానిని వారము దినములలో వడ్డీతో కట్టుమందురు. ఇంతవరకు ఇది పాత కాల్‌మనీ వ్యాపారమే. క్రొత్తది తాకట్టు పద్ధతి. యాప్ పెట్టుకొనునపుడే అది ఫోనులోని పేర్ల పట్టికను, ఫొటోలను చూచుటకు అనుమతి అడుగును. అవసరములో ఉన్నవాడు చదువక నొక్కును. బాకీ గడువు తప్పినంతనే ఆ పట్టికలోని అత్తమామలకు, తోటి ఉద్యోగులకు, పాత స్నేహితులకు ఫోనులు మ్రోగును. ఇతడు దొంగయని సందేశములు పోవును. స్త్రీల ఫొటోలను వికృతపరచి బంధువులకు పంపుట కూడ జరిగినది. 2020 డిసెంబరులో తెలంగాణమున వరుసగా ఆత్మహత్యలు సంభవింపగా హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి, దూరమున గుర్‌గావ్‌లోని కాల్ సెంటర్ల వరకు పోయి పలువురను నిర్బంధించిరి. అయినను 2022లో ఆంధ్రప్రదేశమున మరల అట్టి మరణములు వినవలసి వచ్చినది.

పూర్వపు వడ్డీవ్యాపారి బంగారమును తాకట్టు పట్టెడివాడు, లేదా ప్రామిసరీ నోటు వ్రాయించుకొనెడివాడు. ఈ క్రొత్త వ్యాపారి బంధువర్గమును తాకట్టు పట్టినాడు. విచారింపదగిన మరియొక సంగతి ఇందున్నది. ఫోనులోని పేర్ల పట్టిక ఋణగ్రస్తుని సొత్తు మాత్రము కాదు. అందున్న మూడువందల మందిలో ఒక్కరైన ఆ యాప్‌కు తమ పేరును, సంఖ్యను ఇమ్మని చెప్పలేదు. ఒకని నొక్కుతో మూడువందలమంది గుట్టు చేతులు మారినది. కడుపు చించుకొన్న కాళ్ళమీద పడుననిరి పెద్దలు. ఇచ్చట చించుకొన్నది ఒకని కడుపైన, పడినది పదిమంది కాళ్ళమీద. రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో ఒక అధ్యయన బృందమును నియమించి, 2022 సెప్టెంబరులో నిబంధనలు వెలువరించినది. అప్పుల యాప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను, ఫొటోలను, పిలుపుల చిట్టాను ముట్టరాదని వాటిలో స్పష్టముగా ఉన్నది. 2025 మే నెలలో క్రోడీకరించిన ఆదేశములలోను ఆ నిషేధము నిలిచినది. రిజర్వు బ్యాంకు అదుపులో లేని దొంగ యాప్‌లకు మాత్రము నిబంధనలతో పనిలేదు.

గుట్టు అను మాట అచ్చతెనుగు మాట. దానికి రహస్యమని అర్థము చెప్పి ఊరకుండుట చాలదు. గుట్టుగల సంసారము అన్నప్పుడు అందు దాచిన దోషమేదో ఉన్నదని ఎవరును అనుకొనరు. మర్యాద, నిబ్బరము, తన బరువు తాను మోసికొను శక్తి అనియే గ్రహింతురు. ఈనాడు పత్రికలలో వాడుచున్న గోప్యత అను సంస్కృతపదమున కా నిండుదనము లేదు. దాచవలసినదేమియు లేనివానికి భయమెందుకని అడుగువారు రహస్యమునకు, గుట్టునకు గల భేదమును విస్మరించుచున్నారు. ఇంటికి తలుపు పెట్టుకొన్నవాడు లోపల నేరము చేయుచున్నాడని అర్థము కాదు.

అయినను పాతకాలమును ఆకాశమునకెత్తుటయు తగదు. ఇంటిగుట్టు లంకకు చేటు అను సామెత ఇంటిని కాపాడినదే కాని, ఇంటిలోని మనిషిని ఎల్లవేళల కాపాడలేదు. అత్తవారింట దెబ్బలు తిన్న కోడలిని నోరెత్తనీయకుండ చేసినదియు ఆ సామెతయే. ఆమె పుట్టింటికి వ్రాసిన జాబును ముందుగా విప్పి చదివినవారు ఊరివారు కారు, ఇంటివారే. 1879 జులై 1న కాలణాకు పోస్టుకార్డు ఈ దేశములో ప్రవేశించినది. ఊరి తపాలా జవాను దానిని చదివి వినిపించుటయు, దారిలో నలుగురు వినుటయు మామూలైనది. క్షేమసమాచారమునకు కార్డు, మనసులోని మాటకు కవరు అని జనులు తమంతట తామే ఏర్పాటు చేసికొనిరి. ఏది కార్డు మీద వ్రాయవలెనో, ఏది కవరులో పెట్టవలెనో నిర్ణయించు అధికారము వ్రాయువానిది. వాట్సాప్‌లో మాటలు కవరులో పోవుచున్న మాట నిజమే; అందలి సందేశములను నడుమ నెవ్వరును చదువలేని రీతిని సంకేతలిపిలోనికి మార్చుచున్నారు. కాని ఎవరు ఎవరికి, ఏవేళ, ఎన్నిసార్లు వ్రాసిరన్నది కవరుమీది చిరునామావలె పైకి కనబడుచునే యుండును. పోస్టుమాస్టరు ఊరి చిరునామాల నన్నిటిని జీవితకాలము గుర్తుంచుకొని, వాటినిబట్టి ఎవరి కేది అమ్మవచ్చునో లెక్కకట్టినచో ఎట్లుండునో ఇదియు అట్లున్నది.

మనిషిని కనిపెట్టియుండుట యంత్రములతో పుట్టినది కాదు. బాపట్ల చీరాలల నడుమ రైలుదారిని ఆనుకొని స్టూవర్టుపురము ఉన్నది. ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసి, సాల్వేషన్ ఆర్మీవారి అజమాయిషీలో అచ్చట స్థిరపరచిరి. మదరాసు ప్రభుత్వమున ఉన్నతపదవి వహించిన సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరే ఆ ఊరి పేరు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద వారి పేర్లు రిజిష్టరులో ఎక్కినవి. వ్రేలిముద్రలు తీసికొనుటకు ఆ చట్టమే అధికారమిచ్చినది. హాజరు పట్టీలో పేరు పిలిచినపుడు పలుకవలెను. ఊరు దాటవలెనన్న చీటీ ఉండవలెను. దొంగతనము చేసినవానికిని, చేయనివానికిని ఒకే పద్ధతి. మదరాసు రాష్ట్రములో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీనను ఆ చట్టము రద్దైనది. అది పోయినను ఊరిపేరు చెప్పినంతనే ఎదుటివాని కన్ను మారుట అంత త్వరగా పోలేదు. ఒకమారు రిజిష్టరులోనికి ఎక్కినది మనుమల వరకు వెంటాడునని స్టూవర్టుపురము సాక్ష్యము చెప్పుచున్నది.

ఆ బాపట్లలోనే కోకా సుబ్బారావు కొంతకాలము జిల్లా మునసబుగా పనిచేసిరి. రాజమహేంద్రవరమున పుట్టిన ఆ న్యాయవేత్త 1954 జులైలో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధానన్యాయమూర్తి. 1956లో హైకోర్టు హైదరాబాదునకు తరలినది. 1958లో ఆయన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిరి. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ వ్యాజ్యెమున తీర్పు వచ్చినది. ఉత్తరప్రదేశమున ఒక బందిపోటు కేసులో సాక్ష్యము చాలక విడుదలైన వ్యక్తిపై పోలీసులు నిఘా పెట్టి, రాత్రులు ఇంటికి వచ్చి తలుపు తట్టుచుండిరి. రాత్రివేళ ఇల్లు సొచ్చుట చెల్లదని ఆరుగురు న్యాయమూర్తులును అంగీకరించిరి. కాని బయట వెంబడించుట మాటేమి? అట్టి గుట్టు హక్కు రాజ్యాంగమున లేదని నలుగురు చెప్పిరి. సుబ్బారావును, ఆయనతో ఏకీభవించిన జస్టిస్ షాయును భిన్నతీర్పు వ్రాసిరి. నీడవలె పోలీసు వెంటనున్నప్పుడు కాళ్ళకు సంకెల లేకున్నను ఆ నడక స్వేచ్ఛ కాదనియు, అట్టివానికి దేశమంతయు చెరసాలయే యనియు, గుట్టు వ్యక్తి స్వాతంత్ర్యములో అంతర్భాగమే యనియు ఆ తీర్పు సారము.

ఇద్దరి మాట నలుగురి ముందు ఓడినది. ఏబది యైదు సంవత్సరములు ఓడియే యున్నది. ఆధార్ వ్యాజ్యెములలో కేంద్రప్రభుత్వ న్యాయవాది, గోప్యత ప్రాథమిక హక్కు కాదని వాదించుటకు ఆధారముగా చూపినవి ఆ 1962 నాటి తీర్పును, 1954 నాటి మరొక తీర్పునునే. కృష్ణాజిల్లా పెదముత్తేవికి చెందిన జస్టిస్ చలమేశ్వర్ అధ్యక్షతనున్న ధర్మాసనము 2015లో ఆ ప్రశ్నను విస్తృత ధర్మాసనమునకు నివేదించినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముతో గోప్యత ప్రాథమిక హక్కని నిర్ణయించిరి. గుంటూరు న్యాయస్థానమున కూర్చున్న మనిషి భిన్నతీర్పు అప్పటికి గాని దేశపు శాసనము కాలేదు. పాఠ్యపుస్తకములలో సుబ్బారావు పేరు 1967 నాటి గోలక్‌నాథ్ తీర్పుతో మాత్రమే ముడిపడియున్నది. ఈ రెండవ సంగతియును విద్యార్థులకు చెప్పదగినది.

నడుమ మరొక తీర్పు కలదు. అదియును తెలుగుగడ్డ మీదనుండి పోయినదే. స్టాంపుల చట్టమును 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సవరించి, సుంకము ఎగవేసినారేమో చూచుటకు బ్యాంకులలోనికి సైతము పోయి దస్తావేజులను తనిఖీచేయు అధికారమును కలెక్టరు పంపిన ఏ మనిషికైనను కట్టబెట్టినది. హైకోర్టు దానిని కొట్టివేసినది. కెనరా బ్యాంకు వ్యాజ్యెముగా పేరుపడిన ఆ వివాదములో 2004 నవంబరున సుప్రీంకోర్టు హైకోర్టు పక్షమున నిలిచినది. కాగితము బ్యాంకు చేతికి పోయినంతమాత్రమున ఖాతాదారుని గుట్టు పోలేదని అందలి ముఖ్యాంశము. ఈ మాటకు నేడు ఎంత విలువయో వేరుగ చెప్పనక్కరలేదు. తన సంఖ్య, తన ముఖము, తన రోగము ఏదో యాప్‌కు ఒకమారు ఇచ్చినవాడు వాటిని వదలుకొన్నట్టు కాదు.

కోర్టులలో ఇంత జరిగినను, వ్రేళ్ళ సంగతి వేరుగా నడచుచున్నది. 2015 నుండి ఆంధ్రప్రదేశమున చౌకదుకాణపు బియ్యమునకు వ్రేలిముద్ర యంత్రములు వచ్చినవి. దొంగకార్డులు అరికట్టబడినవనుట సమంజసమే. కాని మండుటెండలో మిరపకాయ కోసి, ప్రత్తి తీసి గీతలరిగిన వ్రేలిని యంత్రము గుర్తింపనపుడు ఆ ముసలిది తాను తానేనని నిరూపించుకొనవలసిన దుర్గతి కలిగినది. ఇక 2017 మేలో బెంగుళూరు నందలి సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ ఒక నివేదిక ప్రకటించినది. నాలుగు ప్రభుత్వ పథకముల జాలపుటలలో పదమూడు కోట్లమందికి పైగా జనుల ఆధార్ సంఖ్యలు ఎవరికైన కనబడునట్లున్నవని అది చూపినది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశమువే: ఒకటి చంద్రన్న బీమా, రెండవది ఉపాధి హామీ కూలి చెల్లింపుల పట్టిక. మన్ను మోసిన కూలివాని ఖాతా సంఖ్య సంతలో పరచిన బట్టవలె బయటపడి యుండెను. దొంగ చేసిన పని కాదది. అజాగ్రత్త చేసిన పని.

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసినది. నియమావళి 2025 నవంబరులో వెలువడినది; సంస్థలపై పడు ముఖ్యబాధ్యతలకు పదునెనిమిది నెలల గడువిచ్చిరి. అపరాధ రుసుము 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చును. ప్రభుత్వము తన శాఖలను చట్టమునుండి మినహాయించుకొనుటకు ద్వారము విశాలముగానే తెరచియుంచినది. సమాచార హక్కు చట్టమునకు ఈ చట్టము తెచ్చిన సవరణ, అధికారుల అక్రమములను కప్పిపుచ్చుటకు దుప్పటి యగునను ఆక్షేపణ సహేతుకమైనది. పేదవాని పట్టిక తెరచియుంచి, అధికారి దస్త్రమును మూయుట తారుమారు న్యాయము.

ఈ చట్టములో తెలుగు ఉపాధ్యాయులు గమనింపదగిన అంశమొకటి ఉన్నది. సమ్మతి కోరు ప్రకటన ఆంగ్లమునగాని, ఎనిమిదవ షెడ్యూలు లోని ఏ భాషలోగాని చదువుకొను వీలు పౌరునికి కల్పింపవలెను. తెలుగు అందులో ఉన్నది. పూర్వము పత్రము వ్రాయించినపుడు చదువురానివానికి మొదటినుండి చివరవరకు చదివి వినిపించి, అతడు విని సరేనన్న తరువాత వ్రేలిముద్ర వేయించెడివారు. క్రింద సాక్షుల సంతకములు, వ్రాసినవాని దస్తూరి ఉండెడివి. నేడు వేలకొలది మాటల ఆంగ్లపత్రము క్రింద ‘అంగీకరిస్తున్నాను’ అను ఒక్క మీట మాత్రము తెలుగు. ఆ పత్రము రేపు తెలుగులోనికి వచ్చినను, యంత్రము చేసిన అనువాదమై ఎవరికిని బోధపడనిచో ప్రయోజనమేమి? ఊరి కరణము వ్రాసిన పత్రపు తెలుగు కఠినమైనదే కాని, ఎవరు ఎవరికి ఏమి బాకీయో అందు సందేహము కలిగెడిది కాదు. వ్యాసరచన పోటీలకు ఏటేట ఒకే విషయము నిచ్చుటకంటె, పదవతరగతి పిల్లలచేత అట్టి సమ్మతిపత్రము నొకదానిని సుబోధమైన తెలుగులో తిరిగి వ్రాయించుట మంచి అభ్యాసమగును.

ఉపాధ్యాయులు ఈ బాధకు క్రొత్తవారు కారు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ముఖచిత్రముతో హాజరు తీయు యాప్‌ను తెచ్చి, దానిని ఉపాధ్యాయులు తమ సొంత ఫోనులలో పెట్టుకొనవలెనన్నది. తమ సొంత సమాచారము ఎక్కడికి పోవునోయని సంఘములు అభ్యంతరము తెలిపినవి. ఆ అభ్యంతరము న్యాయమైనది. హాజరు వేయుట వేరు, ముఖమును అప్పగించుట వేరు. ఐతే అదే ఉపాధ్యాయుని ఫోనులో తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ బృందమొకటి ఉన్నది. అందులో నెలవారీ పరీక్షల మార్కులు పేరుపేరునను పడుచున్నవి. మధ్యాహ్న భోజనమునకు కూర్చున్న పిల్లల ముఖములు, రుసుము కట్టనివారి పేర్లు, రక్తహీనత గల బాలికల జాబితా ఎవరిని అడుగకయే పంపబడుట అరుదు కాదు. పంపువారిలో దురుద్దేశము లేదు. పై అధికారి సాక్ష్యమడుగును, తల్లిదండ్రులు వేగిరపడుదురు. పదునెనిమిదేండ్లలోపు వారి సమాచారము వాడుటకు తల్లిదండ్రుల రూఢియైన అనుమతి ఉండవలెనని 2023 చట్టము సంస్థలకు చెప్పుచున్నది. బడి బృందములో మూడు మార్కులు వచ్చిన పిల్లవాని అనుమతిని గూర్చి ఏ చట్టమును చెప్పదు. ఆ సంగతి బృందమునకు పంపు ఉపాధ్యాయుని వ్రేలిమీద ఆధారపడియున్నది.

ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితములు దినపత్రికలలో అచ్చగుచుండిన కాలమును పెద్దలు ఎరుగుదురు. తెల్లవారుజామున రైలు దిగిన పత్రికల కట్టలకై గుంటూరు, ఒంగోలు, బాపట్ల స్టేషనులలో పిల్లలు కాచుకొనియుండెడివారు. పుటనిండ చీమలబారువలె సంఖ్యలు. ఒక్క పేరైన ఉండెడిది కాదు. ఉత్తీర్ణుడైనవాడు తన సంఖ్యను చూచుకొని కేకపెట్టెడివాడు. కానివాడు, తన సంఖ్యకు ముందున్న సంఖ్యను, వెనుకనున్న సంఖ్యను మరల మరల చూచి, పత్రికను మడచి చంకన పెట్టుకొని ఇంటిదారి పట్టెడివాడు. ఆ పత్రికను ఊరంతయు చదివెడిది. ఆ రెండు సంఖ్యల నడుమ లేని సంఖ్య ఎవరిదో అతడు ఇల్లు చేరి తల్లితో చెప్పువరకు ఎవరికిని తెలిసెడిది కాదు.